మూసలోని ప్రక్షిప్తాలు: సంగీత సాఫ్ట్‌వేర్‌లో ట్రాక్ టెంప్లేటు, ప్లగిన్ల చరిత్ర – పాఠ పరిష్కరణ దృష్టి

ప్రస్తావన

పాట మీద పరిశోధన చేసేవారికి ఆధారం సాధారణంగా అచ్చయిన పాటల పుస్తకం, కాకపోతే వినబడే రికార్డు. ఈ రెండూ పాట పూర్తయిన తరువాతి రూపాలు. పద్యకావ్యాల విషయంలో మనం ఇంతటితో తృప్తిపడం. తాళపత్ర ప్రతులు వెతుకుతాం, పాఠాంతరాలు గుర్తిస్తాం, ప్రక్షిప్తాలు ఏరివేస్తాం, లేఖకుని పుష్పిక చదివి కాలనిర్ణయం చేస్తాం. కంప్యూటరు మీద తయారైన పాటకు కూడా ఇటువంటి ప్రతి ఒకటి ఉంది. దాన్ని ప్రాజెక్టు ఫైలు అంటారు. గాయకుడు ఎన్నిసార్లు పాడాడు, ఏ మాట మార్చి పాడాడు, ఏ చరణం మూగపోయింది అన్న విషయాలు అందులో మిగిలి ఉంటాయి. గత ఇరవై, ముప్పై ఏళ్ల తెలుగు పాటకు చిత్తుప్రతి అంటూ ఏదైనా ఉంటే అది ఎక్కువగా ఇక్కడే ఉండాలి.

అయితే ఈ ప్రతి రెండు విధాల చిక్కులు పెడుతుంది. పని త్వరగా సాగడం కోసం సంగీతకారుడు పాత పాట నుంచి దాచుకున్న మూసను కొత్త పాటలో దించుకుంటాడు. దానివల్ల పాత పాటలోని పదార్థం కొత్త పాటలోకి వచ్చి చేరవచ్చు. రెండోది, ఫైలు తనంతట తాను పలకదు. అందులో పేర్కొన్న ప్లగిన్లు కంప్యూటరులో ఉంటేనే పలుకుతుంది. ఈ రెండింటికీ ఉన్న చరిత్రను పరిశీలించి, దాని వెలుగులో గేయపాఠాన్ని ఎలా చదవాలో ఆలోచించడం ఈ వ్యాస ఉద్దేశం. సాంకేతిక చరిత్రను ఇక్కడ సమగ్రంగా చెప్పడం లేదు. పాఠ నిర్ణయానికి పనికివచ్చే ఘట్టాలనే తీసుకున్నాను.

మూస అన్న మాట

టెంప్లేటుకు తెలుగులో ‘మూస’ అన్న మాట బాగా సరిపోతుంది. కంసాలి లోహం కరిగించే పాత్ర మూస. సంస్కృతంలోని మూష దీనికి మూలం. సాహిత్య విమర్శలో మాత్రం ఇది నిందావాచకంగా స్థిరపడింది. ‘మూసకథ’, ‘మూసపోసినట్లున్న వర్ణన’ అన్నప్పుడు రచయిత సొంతంగా ఏమీ చేయలేదని మన అభిప్రాయం. వృత్తిపనిలో ఆ నింద లేదు. మూస లేనిదే కంసాలికి పని మొదలు కాదు. ఈ వ్యాసంలో మూస అన్న మాటను వృత్తివారి అర్థంలోనే వాడుతున్నాను. ప్లగిన్ అన్న మాటకు ‘అనుబంధ పరికరం’ వంటి అనువాదాలు చేయవచ్చు కాని, స్టూడియోలో ఎవరూ ఆ మాట అనరు.

ఈ మూసను ఛందస్సుతో పోల్చాలని ఎవరికైనా తోస్తుంది. నాకూ మొదట తోచింది. చంపకమాలలోని మొదటి రెండు లఘువుల స్థానంలో ఒక గురువు పెడితే ఉత్పలమాల వస్తుంది. ఒక మూసను కొద్దిగా సవరించి మరో పేరుతో దాచుకున్నట్టే ఉంటుంది అది. కాని ఈ పోలిక ఎక్కువ దూరం నడవదు. ఉత్పలమాల లక్షణంలో భరనభభరవ గణాలూ పదవ అక్షరం మీద యతీ తప్ప ఒక్క మాటైనా లేదు. అది పూర్తిగా ఖాళీ. ట్రాక్ టెంప్లేటు ఖాళీ కాదు. దానిలో వాద్యం ఉంటుంది, ఆ వాద్యపు స్వభావం ఉంటుంది, ఒక్కొక్కప్పుడు పాడిన గొంతు కూడా ఉంటుంది. ప్రబంధ అవతారికతో పోల్చడం ఇంతకంటే మేలు. ఇష్టదేవతా స్తుతి, సుకవి స్తుతి, కుకవి నింద, కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు అన్న వరుస ముందే సిద్ధంగా ఉంటుంది. కవి అందులో తన పదార్థం నింపుతాడు, ఒక్కొక్కప్పుడు తన పాత పద్యాన్నే తెచ్చి పెడతాడు. పాత పద్యం కొత్త కావ్యంలోకి వచ్చినప్పుడు పరిష్కర్తకు ఏ ప్రశ్న ఎదురవుతుందో, మన ఫైళ్ల దగ్గర కూడా అదే ప్రశ్న ఎదురవుతుంది.

కాగితం, టేపు ముక్క, కంప్యూటరు

సాఫ్ట్‌వేరుకు ముందే మూస అవసరం పుట్టింది. రికార్డింగు బల్ల మీద పదుల కొద్దీ వరుసలు, వరుసకు పదుల కొద్దీ మరలు. ఏ వరుసలో ఏ వాద్యముందో తెలియడానికి ఇంజినీరు బల్ల పొడవునా తెల్లటి టేపు ముక్క అంటించి దాని మీద పేర్లు రాసేవాడు. ఈ రోజు తెర మీద ప్రతి ట్రాక్‌కూ కనబడే పేరు ఆ టేపు ముక్క వారసత్వమే. పని మధ్యలో ఆపి మరో పాట చేపట్టవలసి వస్తే మరలన్నీ ఏ స్థానంలో ఉన్నాయో కాగితం మీద రాసుకోవాలి. ఇంగ్లండుకు చెందిన సాలిడ్ స్టేట్ లాజిక్ సంస్థ 1980ల ఆరంభంలో తన బల్లలకు ‘టోటల్ రీకాల్’ అనే సౌకర్యం చేర్చింది. మరల స్థానాలను కంప్యూటరు గుర్తుపెట్టుకుని తెర మీద చూపేది. కాని వాటిని తిరిగి ఆ స్థానాలకు తిప్పవలసింది మనిషే. అంటే అప్పటికి యంత్రానిది జ్ఞాపకం, చేయి మనిషిది.

1983లో మిడి వచ్చింది. ఆ ఏడాది జనవరిలో అమెరికాలో జరిగిన వాద్యపరికరాల ప్రదర్శనలో వేర్వేరు సంస్థలు తయారుచేసిన రెండు కీబోర్డులు ఒకదాని మీట నొక్కితే మరొకటి పలికాయి. మిడి ధ్వనిని మోయదు. ఏ మీట, ఎంత బలంగా, ఎంతసేపు అన్న ఆజ్ఞలను మాత్రమే మోస్తుంది. స్వరలేఖనం చేసేదీ ఇదే పని. ఇక్కడ మనకు పరిచయమున్న ఒక గ్రంథాన్ని గుర్తుచేసుకోవచ్చు. సుబ్బరామ దీక్షితుల ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ 1904లో ఎట్టయపురంలో తెలుగులో అచ్చయింది. స్వరాక్షరాలకు తోడు గమకాలను సూచించే ప్రత్యేక చిహ్నాలు అందులో ఉన్నాయి. గాయకుని కంఠం అచ్చులోకి రాదు గనుక, కంఠం ఏం చేయాలో చెప్పే చిహ్నాలను ఆయన ఏర్పరచారు. మిడిలో గమకానికి ఉన్న ప్రధాన సాధనం శ్రుతిని వంచే చక్రం ఒక్కటే. పైగా అది ఒక్కో స్వరానికి విడిగా కాక ఆ మార్గంలో పలుకుతున్న స్వరాలన్నిటికీ ఒకేసారి వర్తిస్తుంది. దీక్షితుల చిహ్నాల సున్నితత్వం దానికి లేదు. స్వరానికి విడిగా వంపు ఇచ్చే పద్ధతి ప్రమాణంగా రావడానికి 2018 దాకా ఆగవలసి వచ్చింది.

1988లో మిడి ఫైలుకు ఒక ఉమ్మడి రూపం ఏర్పడింది. గేయపరిశోధకునికి అందులో రెండు అంశాలు ముఖ్యమైనవి. పాట మాటలను స్వరాల వెంట పొందుపరచడానికి ప్రత్యేకమైన స్థానం అందులో కల్పించారు. మరొకటి, ఫైలులో లయ గురించి ఏమీ చెప్పకపోతే నిమిషానికి 120 దెబ్బల వేగం, నాలుగు దెబ్బల ఆవృత్తం అని భావించాలని నిర్ణయించారు. మౌనానికి అర్థం చతురశ్రం అయింది. ఈ విషయానికి మళ్లీ వస్తాను.

జర్మనీలోని హాంబర్గులో కార్ల్ స్టైన్‌బర్గ్, మన్‌ఫ్రెడ్ రూరుప్ స్థాపించిన స్టైన్‌బర్గ్ సంస్థ 1989లో అటారి కంప్యూటరు కోసం క్యూబేస్ విడుదల చేసింది. ఆ సాఫ్ట్‌వేరులో ‘డెఫ్.ఆల్’ అన్న పేరుతో ఒక పాటను దాచుకుంటే, కార్యక్రమం తెరిచిన ప్రతిసారీ అదే ముందుగా తెరుచుకునేది. సంగీతకారుడు తన వాద్యాల పేర్లు, మార్గాలు, వేగం అన్నీ అందులో అమర్చి పెట్టుకునేవాడు. టెంప్లేటు అన్న పేరు అక్కడ లేకపోయినా నాకు తెలిసినంతలో ఈనాటి మూసకు దగ్గరి పూర్వరూపం ఇదే. ఆ ఫైలు ‘మూస’ కాదు, ‘పాట’ అన్నది గమనించదగినది. ఖాళీ చేసిన పాటే మూస అయింది. సరిగా ఖాళీ చేయకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు బీజం అక్కడే ఉంది.

అదే 1989లో మద్రాసులో ఏ.ఆర్. రహమాన్ తన ఇంటి ఆవరణలో స్టూడియో నెలకొల్పుకున్నారు. 1992లో వచ్చిన ‘రోజా’ అక్కడ రూపుదిద్దుకున్నదే. దాని తెలుగు అనువాద రూపానికి పాటలు రాసినవారు రాజశ్రీ. వాద్యబృందమంతా ఒకచోట కూర్చుని ఒకే విడతలో వాయించే పద్ధతి స్థానంలో ఒక్కొక్క పొరా విడిగా రికార్డయ్యే పద్ధతి దక్షిణాది సినిమాలో ఇటువంటి స్టూడియోలతో బలపడింది. మాట వరుసకు ‘ట్రాక్’ అన్నా, మన సినిమావారి వాడుకలో దానికి మరో అర్థం ఉంది. అసలు గాయకుడు వచ్చేలోగా మార్గదర్శకంగా మరొకరు పాడి ఉంచే గానం ట్రాక్. అలా పాడేవారు ట్రాక్ సింగర్లు. కాబట్టి తెలుగు పాట ఫైలులో ‘ట్రాక్’ అని పేరున్న వరుస కనిపిస్తే అది ఏదో ఒక వరుస అని అనుకోకూడదు. తాత్కాలిక గానమని అర్థం. అందులో పాడిన మాటలు కవి చివరికి ఖాయం చేసిన మాటలు కాకపోవచ్చు.

ప్లగిన్ల రాక, పోక

రికార్డయిన ధ్వనికి మెరుగుదిద్దే పరికరాలు మొదట ఇనుప పెట్టెలు. ప్రతిధ్వనికి ఒకటి, ధ్వని హెచ్చుతగ్గులను అదుపుచేయడానికి ఒకటి. 1990ల ఆరంభంలో ఇవి సాఫ్ట్‌వేరు రూపం ధరించసాగాయి. 1992లో ఇజ్రాయెల్‌లో ఏర్పడిన వేవ్స్ సంస్థ క్యూ10 అనే సాధనం ఈ తరంలో తొలిదనదగ్గది. డిజిడిజైన్ సంస్థ 1991లో విడుదల చేసిన ప్రొ టూల్స్‌కు ఇటువంటివి అనుబంధాలుగా పెరిగాయి. కాని వాటికి ఖరీదైన ప్రత్యేక పలకలు కావలసి వచ్చేవి.

1996లో స్టైన్‌బర్గ్ ‘వర్చువల్ స్టూడియో టెక్నాలజీ’ ప్రమాణాన్ని తెచ్చింది. వ్యవహారంలో దీన్ని వీఎస్‌టీ అంటారు. కంప్యూటరు ప్రాసెసరే ధ్వనికి మెరుగు దిద్దుతుంది, వేరే పలక అక్కర్లేదు. అంతకంటే ముఖ్యమైనది, ఇతరులు కూడా ప్లగిన్లు తయారు చేయడానికి వీలుగా ఆ ప్రమాణాన్ని సంస్థ బయటకు ఇచ్చింది. 1999లో వచ్చిన రెండో ప్రమాణంతో వాద్యం కూడా ప్లగిన్ అయింది. క్యూబేస్‌తో వచ్చిన నియాన్ దానికి తొలి ఉదాహరణ. ఆ తరువాత పెద్ద సంస్థలే కాక ఒంటరిగా పనిచేసే ఔత్సాహికులు కూడా లెక్కలేనన్ని ప్లగిన్లు రాశారు. చాలావాటిని ఉచితంగా పంచారు. పరిమిత సాధనాలతో పనిచేసే ఇంటి స్టూడియోలకు ఇవి వరమయ్యాయి. వరానికి గడువు ఉంటుందని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఆ గడువులు ఒకదాని తరువాత ఒకటి వచ్చాయి. 2002లో ఆపిల్ సంస్థ లాజిక్ తయారీదారైన ఎమాజిక్‌ను కొన్నది. విండోస్ మీద లాజిక్ నిలిచిపోయింది. 2011లో ప్రొ టూల్స్ కొత్త ప్లగిన్ ప్రమాణాన్ని ప్రవేశపెట్టింది. 2013లో వచ్చిన పదకొండో రూపం పాత ప్రమాణపు ప్లగిన్లను పూర్తిగా నిరాకరించింది. 2018లో స్టైన్‌బర్గ్ వీఎస్‌టీ రెండో ప్రమాణపు సామగ్రిని కొత్తవారికి ఇవ్వడం ఆపింది. 2019లో ఆపిల్ కంప్యూటర్లు 32 బిట్ల కార్యక్రమాలను నడపడం మానుకున్నాయి. 2022లో స్టైన్‌బర్గ్ తన సాఫ్ట్‌వేర్లలో సైతం రెండో ప్రమాణానికి మద్దతు ఉపసంహరిస్తున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది బిట్‌విగ్, యూహీ సంస్థలు ఎవరి అనుమతీ అక్కర్లేని బహిరంగ ప్రమాణంగా క్లాప్‌ను ముందుకు తెచ్చాయి. దానికి ఒక కారణం ఈ అనుభవమేనని అనుకోవడంలో తప్పులేదు.

ప్రాజెక్టు ఫైలు ప్లగిన్‌ను తనలో దాచుకోదు. దాని పేరును, గుర్తింపు సంఖ్యను, మరల స్థానాలను మాత్రమే దాచుకుంటుంది. ఈ స్థితి మనకు కొత్తది కాదు. తిరుమల సంకీర్తన భాండాగారంలో దొరికిన అన్నమయ్య రాగిరేకుల మీద సంకీర్తన సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరలేఖనం లేదు. రాగం పేరు చదివిన పదిహేనో శతాబ్దపు గాయకునికి ఏం పాడాలో తెలిసి ఉండాలి. ఆ తెలిసినవారి పరంపర తెగిన తరువాత పేరు మాత్రమే మిగిలింది. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు ఆ సంకీర్తనల్లో అనేకానికి కొత్తగా స్వరాలు కూర్చవలసి వచ్చింది. ఆ స్వరాలు ఎంత గొప్పవైనా అవి అన్నమయ్య కాలపు వరుసలని ఎవరూ అనలేదు. ప్లగిన్ పేరు మాత్రం మిగిలిన ఫైలు దగ్గర ఇంజినీరు వేరొక వాద్యం అమర్చి పలికించినప్పుడు కూడా మనం అంతే జాగ్రత్త పాటించాలి. ఒక తేడా ఉంది. రాగిరేకులకు ఈ స్థితి రావడానికి శతాబ్దాలు పట్టింది. ఫైళ్లకు పదేళ్లు చాలుతున్నాయి.

ఫైలును చదవడం

ఇకమీది చర్చకు రీపర్ అనే సాఫ్ట్‌వేరును ఉదాహరణగా తీసుకుంటున్నాను. విన్‌యాంప్ సృష్టికర్త జస్టిన్ ఫ్రాంకెల్ దీని ప్రధాన రచయిత. మొదటి పూర్తి రూపం 2006లో వచ్చింది. దీన్ని ఎన్నుకోవడానికి కారణం ఒక్కటే. దీని ప్రాజెక్టు ఫైలు మామూలు అక్షరాల్లో ఉంటుంది. సాఫ్ట్‌వేరు లేకపోయినా ఏ సాధారణ పాఠ్య సంపాదకంలోనైనా తెరిచి చదువుకోవచ్చు. మొదటి పంక్తిలోనే రీపర్ ఏ రూపంతో దాచారు, ఎప్పుడు దాచారు అన్నవి ఉంటాయి. కాలం 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్కలో ఉంటుంది. మన లేఖకులు పుష్పికను చివర పెట్టారు, ఇది మొదట పెడుతుంది. ఆ తరువాత ఒక్కొక్క ట్రాక్ పేరు, దాని ధ్వని స్థాయి, ప్లగిన్ల వరుస, దాని మీది ధ్వనిఖండాలు వస్తాయి. పేర్లు తెలుగు లిపిలో ఉంటే తెలుగులోనే కనిపిస్తాయి. ప్లగిన్ మరల స్థానాలు మాత్రం అర్థంకాని అక్షరాల గుట్టగా ఉంటాయి. ఆ గుట్టను విప్పగలిగేది ఆ ప్లగిన్ ఒక్కటే.

పాఠాంతరాలకు ఇది పెన్నిధి. ఒకే చోట గాయకుడు పలుమార్లు పాడితే రీపర్ వాటిని ఒకే ఖండంలో ‘టేకు’లుగా ఒకదాని కింద ఒకటి దాచగలదు. వినబడేది ఎన్నుకున్న టేకు ఒక్కటే. మిగిలినవి ఎవరూ తుడిచివేయకపోతే అలాగే ఉంటాయి. రికార్డింగు వేళ గీతకర్త అక్కడికక్కడ మాట మార్చి ఇచ్చిన సందర్భాలు ఇక్కడ తప్ప మరెక్కడా దొరకవు.

ఇక ట్రాక్ టెంప్లేటు. రీపర్‌లో ఒక ట్రాక్‌ను గాని, కొన్ని ట్రాక్‌ల గుంపును గాని విడి ఫైలుగా దాచుకోవచ్చు. గొంతుకు ఒక మూస, డోలక్కుకు ఒక మూస, వంతపాటకు ఒక మూస ఇలా. కొత్త పాట మొదలుపెట్టినప్పుడు మెనూలోంచి ఎంచుకుంటే పేరుతో, ప్లగిన్లతో, మార్గాలతో సహా ఆ ట్రాక్‌లు దిగుతాయి. దాచేటప్పుడు ట్రాక్ మీది ధ్వనిఖండాలను కూడా కలపాలా వద్దా అని సాఫ్ట్‌వేరు అడుగుతుంది. తొందరలో ఉన్నవారు ఆ ప్రశ్న పట్టించుకోరు. మూసలో పాత గొంతు మిగిలిపోతుంది.

నా పరిశోధనలో భాగంగా ఒక ప్రైవేటు గేయసంపుటికి చెందిన ఫైళ్లను పరిశీలించే అవకాశం కలిగింది. సంగీతకర్త, గీతకర్త పేర్లు వారి కోరిక మేరకు చెప్పడం లేదు. అందులో ఒక పాటకు అచ్చులో రెండు చరణాలున్నాయి. ఫైలులో మూగగా ఉంచిన ఒక ట్రాక్ మీద మూడో చరణం కనిపించింది. వరుస దగ్గరగానే ఉంది, భావం కూడా పెద్దగా దూరం కాదు. కవి రాసి విడిచిపెట్టిన చరణం దొరికిందన్న సంతోషంతో ఒక సదస్సు పత్రంలో దాని మీద నాలుగు పేజీలు రాశాను. పత్రం సమర్పించడానికి రెండు రోజుల ముందు ఫైలును అక్షరరూపంలో మరోసారి చదువుతుండగా ఒక పంక్తి దగ్గర ఆగవలసి వచ్చింది. ప్రతి ధ్వనిఖండం వెంట దాని మూల ధ్వని ఫైలు ఏ ఫోల్డరులో ఉందో రాసి ఉంటుంది. మిగిలిన ఖండాలన్నీ ఈ పాట ఫోల్డరును చూపుతుండగా ఆ మూడో చరణం మాత్రం వేరొక పాట ఫోల్డరును చూపుతోంది. ఆ వేరొక పాట అదే కవిది, దాదాపు అదే వేగంలోది, ఏడాది ముందుది. గొంతు ట్రాక్‌ను అక్కడి నుంచి మూసగా దాచి ఇక్కడ దించారు. చరణం మూస వెంట వచ్చింది. అంటే అది ప్రక్షిప్తం. ఎవరూ ఉద్దేశించి చొప్పించనిది.

ఆ నాలుగు పేజీలు తీసివేశాను. ఈ ఉదంతాన్ని ఇక్కడ చెప్పడానికి కారణం, నా పొరపాటును పట్టి ఇచ్చిన ఆధారం ఎంత బలహీనమైనదో చూపడమే. ప్రాజెక్టును వేరే చోటికి మార్చేటప్పుడు ధ్వని ఫైళ్లన్నిటినీ ఒకే ఫోల్డరులోకి నకలు చేసే సౌకర్యం రీపర్‌లో ఉంది. భద్రపరచే దృష్టితో అది మంచి అలవాటే. కాని అలా చేసి ఉంటే ఆ దారి చెరిగిపోయేది. మూడో చరణం ఈ పాట సొంతమన్నట్టే కనిపించేది. శుద్ధప్రతి రాయించే ఆతృతలో మాతృకల ఆనవాళ్లు చెరిపివేయడం తాళపత్రాల కాలంలోనూ జరిగిందే. ఏ టెంప్లేటు నుంచి ఏ ట్రాక్ వచ్చిందో ప్రాజెక్టు ఫైలు తనంతట తాను చెప్పదు కనుక, సంగీతకారుని టెంప్లేటు ఫోల్డరును కూడా ప్రాజెక్టుతో పాటు సేకరించాలి. ప్రతి సేకరించినవారు మాతృకను వదిలిరావడం ఎలా ఉంటుందో, ఆ ఫోల్డరును వదలడం అలాగే ఉంటుంది.

అదే సంపుటిలోని మరో పాట ప్లగిన్ వైపు చిక్కును చూపింది. పాటల పుస్తకంలో పల్లవి చివరి మాట ప్రతిసారీ రెండుసార్లు అచ్చయింది. ఆ పునరుక్తిని జానపద వంత లక్షణంగా వ్యాఖ్యానించడానికి అవకాశం ఉంది. ఫైలు తెరిస్తే రెండు ప్లగిన్లు లేవన్న హెచ్చరిక వచ్చింది. పాట వింటే చివరి మాట ఒకేసారి వినబడింది. అన్ని టేకుల్లోనూ గాయని ఒకేసారి పాడింది. లేని ప్లగిన్లలో ఒకదాని పేరును బట్టి అది ధ్వనిని ఆలస్యంగా తిరిగి వినిపించే సాధనం. మాట రెండోసారి పలికింది గాయని కాదు, ప్లగిన్. పాటల పుస్తకం సిద్ధం చేసినవారు విన్నది విన్నట్టు రాశారు. ఇప్పుడు పరిష్కర్త ఏ పాఠం స్వీకరించాలి? కవి రాసింది ఒకసారి. శ్రోతలు విన్నది, పాడుకున్నది రెండుసార్లు. నా అభిప్రాయంలో పుస్తకపాఠాన్ని మార్చనవసరం లేదు. కాని ఆ పునరుక్తి కర్తృత్వం సంగీతకర్తదని అధోజ్ఞాపికలో చెప్పాలి. కవి శైలి మీద చేసే ఏ లెక్కలోనూ దాన్ని చేర్చకూడదు. ప్లగిన్ పని చేస్తూ ఉండి ఉంటే ఈ సంగతి నాకు తెలిసేది కాదేమో. పరికరం పోవడం వల్ల ఒక్కోసారి ఇటువంటి మేలు కూడా జరుగుతుంది.

లయ మూస

మౌనానికి అర్థం చతురశ్రం అన్న మాట దగ్గరికి ఇప్పుడు రావచ్చు. 1988 నాటి ఆ నిర్ణయం తరువాతి సాఫ్ట్‌వేర్లలో కూడా నిలిచింది. రీపర్ గాని, క్యూబేస్ గాని కొత్త ప్రాజెక్టు తెరిస్తే ఎదురయ్యేది నిమిషానికి 120 దెబ్బల నాలుగు లెక్క. గీతకర్తకు అందే బాణీ ఈ గడుల మీదే కడతారు. గురజాడ 1910లో ప్రకటించిన ముత్యాలసరం మిశ్రగతి. మూడూ నాలుగూ కలిసి ఏడు మాత్రలు, అటువంటివి రెండైతే పద్నాలుగు. నాలుగు లెక్క గడిలో ఇది ఇమడదు. సంగీతకర్త పూనుకుని ఆవృత్తాన్ని ఏడుకు మార్చాలి. మార్చకపోతే రెండు మార్గాలున్నాయి. ఏడో మాత్ర దగ్గర అక్షరాన్ని సాగదీసి ఎనిమిది చేయడం ఒకటి, కవి చేత మరో లఘువు చేర్పించడం మరొకటి. మొదటిది గానంలో కనబడుతుంది, రెండోది సాహిత్యంలోకే దిగిపోతుంది.

ఈ గడులు తెలుగు గేయంలో మిశ్ర, ఖండ గతులను తగ్గించాయని నేను అనడం లేదు. అది లెక్కలు కట్టి చెప్పవలసిన మాట. సినిమా పాటలో చతురశ్ర, తిశ్ర గతుల ఆధిక్యం కంప్యూటరుకు ముందు నుంచీ ఉన్నదే. ఇక్కడ నేను చెప్పగలిగింది ఇంతే. ఒక పాటలో గతి కవి ఎంపికా, సంగీతకర్త ఎంపికా, లేక ఎవరూ మార్చని మూస లెక్కా అన్నది ప్రాజెక్టు ఫైలులో తెలుసుకునే వీలుంది. ఆవృత్తం ఎక్కడ మారింది, మారకుండా ఎక్కడ ఉన్నదీ అందులో ఉంటుంది. పైన చెప్పిన సంపుటిలో ఒకే ఒక్క పాటకు ఏడు లెక్క ఉంది. ఆ పాటకు వాడిన ట్రాక్‌లు ఇతర పాటల్లో కనబడే గొంతు, డోలక్కు మూసల నుంచి రాలేదు. పేర్లు వేరు, ప్లగిన్ల వరుస వేరు. సంగీతకర్త ఆ ఒక్క పాటను మూస లేకుండా ఖాళీ ప్రాజెక్టు నుంచి కట్టుకొచ్చాడు. ఎందుకని అడిగితే, మాట ముందు వచ్చిన పాట అదొక్కటేనని, మిగిలినవన్నీ బాణీకి రాసినవని చెప్పాడు.

భద్రపరచడం గురించి

సంగీతకారుల వృత్తిలోనే దీనికి కొన్ని పద్ధతులున్నాయి. ప్రతి ట్రాక్‌నూ ప్లగిన్ల ప్రభావంతో ఒకసారి, ప్రభావం లేకుండా మరోసారి ధ్వని ఫైలుగా దించి ఉంచడం వాటిలో ముఖ్యమైనది. ప్లగిన్ చచ్చినా దాని పలుకు మిగులుతుంది. ప్రభావం లేని ధ్వని ఉంటే కవి మాట ఏది, యంత్రం చేర్చినది ఏది అన్నది విడదీయవచ్చు. వాడిన ప్లగిన్ల పేర్లు, రూపసంఖ్యలు విడి కాగితం మీద రాయడం, మిడి ఆజ్ఞలను ఉమ్మడి రూపంలో విడిగా దాచడం కూడా ఆచారంలో ఉన్నవే. సాహిత్య పరిశోధకుని అవసరాలకు వీటికి రెండు చేర్చాలి. వాడని టేకులను తుడవకుండా ఉంచాలి. టెంప్లేటు ఫోల్డరు నకలును ప్రాజెక్టు వెంట పెట్టాలి.

గీతకర్తల చేతిరాత కాగితాలు దొరికితే మన శాఖల గ్రంథాలయాలు ఆదరంగా స్వీకరిస్తున్నాయి. హార్డ్ డిస్కు తీసుకువెళితే దాన్ని ఏ బీరువాలో పెట్టాలో, ఏ వర్గసంఖ్య ఇవ్వాలో ఇంకా తేలలేదు. నేను చూసిన డిస్కు ఆ సంగీతకర్త ఇంట్లో అల్మారా పైఅరలో, పాత కీబోర్డు అట్టపెట్టెలో ఉంది. దానితో పాటు ఉన్న రెండో డిస్కు తిరగలేదు. అందులో ఆయన మొదటి సంపుటి ఉందట. దానిలోని ఎనిమిది పాటల్లో ఆరు అదే గీతకర్త రాసినవి.